ఆయేషా వైరింగు, వాళ్ల నాన్న చేతులు

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో, గుణదలలో నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో రోబోటిక్స్ జట్టు బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను సీనియర్ ఫిజిక్స్ టీచర్ని, రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉన్నాయి. జట్టులో ఆరుగురు పిల్లలు. రోబోను అదుపులో పెట్టడం నెల రోజుల్లో నేర్చుకున్నాను. తల్లిదండ్రుల్ని అదుపులో పెట్టడానికి ఏడాదంతా పట్టింది.

మొదటి రోజే వాట్సాప్ గ్రూపులో నియమం పెట్టాను: రోబో మీద పిల్లల చేతులే పడాలి, పెద్దలు ముట్టుకోకూడదు. పోటీల్లో న్యాయనిర్ణేతలు రోబో పరుగొక్కటే చూడరు. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో, ఎందుకు వెళ్తుందో పిల్లల్ని నిలబెట్టి అడుగుతారు. అందరూ నమస్కారం బొమ్మలు పెట్టారు. అర్థమైందనుకుని సంబరపడ్డాను.

దసరా సెలవుల్లో ల్యాబుకు తాళం వేస్తారని, రోబోను ఆయేషాతో ఇంటికి పంపాను. తొమ్మిదో తరగతి పిల్ల, వైరింగు పని తనదే. వాళ్ల నాన్న కరీముల్లా గారికి మోటార్లు రివైండింగ్ చేసే షాపుంది. పామర్రు నుంచి కూడా రైతులు పంపుసెట్లు ఆయన దగ్గరికే తెస్తారు. అలాంటి మనిషి ఇంట్లో, కూతురు వేసిన గజిబిజి వైరింగు వారం రోజులు కళ్లెదురుగా ఉంటే చేతులు ఊరుకుంటాయా? మొత్తం పీకేసి, కొత్తగా, ముచ్చటగా వేసి పంపారు.

రోబో ఎప్పుడూ లేనంత చక్కగా నడిచింది. ఆయేషా మొహంలో మాత్రం సంతోషం లేదు.

"బానే నడుస్తంది మేడమ్. ఆగిపోతే ఎక్కడ చూడాలో నాకు తెలీట్లేదు," అంది.

పోటీకి నాలుగు రోజులే ఉన్నాయి. అయినా వైరింగు విప్పించి ఆయేషా చేతే మళ్లీ వేయిస్తానని గ్రూపులో పెట్టాను. గ్రూపులో ఒకావిడ "నడిచేదాన్ని కదపడం ఎందుకండీ?" అని రాస్తే మరో ముగ్గురు వంతపాడారు. నాకు ఒళ్లు మండింది. పిల్లదాని పని పిల్లదానికి కాకుండా చేసి తెచ్చే కప్పు ఎవరికి కావాలి? అయినా గ్రూపులో జవాబివ్వలేదు. ఇలాంటివి పదిమందిలో తేల్చేవి కావు. కరీముల్లా గారికి ఫోన్ చేసి స్కూలుకి రమ్మన్నాను.

"తప్పు చేశానా మేడమ్? పాప అవస్థ పడతంటే చూడలేకపోయానండీ," అన్నారు.

ఆయన్ని చూస్తే బాధేసింది. ముట్టుకోవద్దన్నానే గానీ ఏం చేయొచ్చో చెప్పలేదు, తప్పులో నాకూ వాటా ఉందన్నాను. అప్పుడే ఆయనకొక పని ఒప్పజెప్పాను. వైరింగంతా ఆయేషా విప్పి మళ్లీ వేస్తుంది. ఆయన పక్కన కూర్చుని, అడిగినదానికి నోటితో మాత్రమే జవాబు చెప్పాలి. రెండు మధ్యాహ్నాలు షాపు కట్టేసి వచ్చారు. స్క్రూడ్రైవర్ వైపు ఆయన చెయ్యి వెళ్లినప్పుడల్లా కూతురు దాన్ని పక్కకు జరిపేసేది.

పోటీలో రెండో పరుగులో ఎడమ చక్రం ఆగిపోయింది. బాగుచేసుకోవడానికి ఇచ్చేది మూడు నిమిషాలు. ఆయేషా వరసగా కనెక్టర్లు చూసుకుంటూ వెళ్లి, వదులైనదాన్ని పట్టుకుని బిగించింది. చక్రం తిరిగింది గానీ అప్పటికే వెనకబడ్డాం, కప్పు రాలేదు. బయటికొచ్చాక కరీముల్లా గారు "ఎట్టా పట్టావమ్మా?" అని అడిగారు. కూతురు చెబుతుంటే, తోటి మెకానిక్కు చెబుతున్నట్టే మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తల్లిదండ్రులకు పంపే మొదటి నోటీసులో ఎవరు ఏం చేయాలో పేరుపేరునా ముందు రాశాను, ఏం చేయకూడదో చివర్లో రాశాను. మనం పని అప్పగించకపోతే పెద్దలు పిల్లల పని లాక్కుంటారు. అందులో వాళ్ల తప్పు సగమే.