మగ్గం గుంత ఓబులమ్మ వాకిట్లో పడిన పొద్దు

ఆ పొద్దు ధర్మవరంలో జరిగిన తప్పు పూర్తిగా నాదే. మేస్త్రిది కాదు, మా నాగరాజు మామది కాదు, ఓబులమ్మత్త చేతిలోని చీపురుది అంతకన్నా కాదు. ఒక వీధి వీధంతా పొద్దున్నే పళ్లు తోముకోవడం ఆపి మా వైపు చూసిందంటే, ఆ ఘనత నాకొక్కడికే దక్కాలి.

అప్పుడు నేను హిందూపురంలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు అప్పుడప్పుడే ముగించాను. గీత గీయడం వచ్చినవాడికి లోకం కొంచెం వంకరగా కనిపిస్తుంది. మా అవ్వ వేసిన దోసెకు కూడా నేను మనసులో కేంద్రం వెతికేవాణ్ణి. పెనుకొండలో మా ఇంటి గోడకు ఒక పెద్ద షీటు అంటించాను. అది నా భవిష్యత్తు ప్లాను. కింది అంతస్తులో 'డ్రాఫ్ట్స్‌మన్', దాని మీద 'సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్', ఆ పైన 'చీఫ్', మిద్దె మీద బెంగళూరులో సొంత ఆఫీసు. మూలన నా పేరు, స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు.

అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"బాగుండాది గానీ అబ్బా, పైకెక్కేదానికి మెట్లు యాడ?"

"అవ్వా, ఇది ఇల్లు కాదు. నా జీవితం."

"అయితే మాత్రం ఎగురుకుంటా పోతావా?"

పాతకాలం మనిషి, ఏం తెలుసులే అనుకున్నాను.

నాగరాజు మామ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఇంటి పక్కన ఖాళీ జాగాలో మగ్గానికి షెడ్డు కట్టాలనుకొని, ప్లాను నన్ను గీయమన్నాడు. అంతే కాదు, హిందూపురంలో ప్లాన్లు గీసే ఆఫీసు నడిపే ఒక ఇంజనీరు సారు మామకు తెలుసు. "నేల మీద ప్లాను గీతలకు సున్నం పోసే పొద్దు సారును పిలుస్తాండా. నీ డ్రాయింగు నచ్చితే ఉద్యోగం ఇస్తానన్నాడు" అన్నాడు. నా కింది అంతస్తు తలుపు తెరుచుకున్నట్టే అనిపించింది.

జాగా కొలిచి, కంప్యూటర్‌లో చక్కగా గీశాను. ఆ జాగాకు ఒక చిక్కుంది. వీధి వైపు కుడి మూలన పక్కింటి ఓబులమ్మత్త వాకిలి లోపలికి చొచ్చుకొచ్చి ఉంటుంది. మధ్యలో గోడ లేదు. అందుకని ముందు ఎడమ పక్కన మగ్గం గది, వెనక కుడి పక్కన మరుగుదొడ్డి పెట్టాను. అంతా కుదిరింది. సున్నం పోసే ముందురోజు మధ్యాహ్నం మామ ఫోన్ చేశాడు.

"శీనా, మరుగుదొడ్డి ఓబులమ్మ వంటింటి పక్కన పడతాండాది. ఆయమ్మ నోటికి మనం తట్టుకోలేం. ఎడమ పక్కకు జరుపు."

పద్ధతిగా చేసేవాడైతే ఒక్క మరుగుదొడ్డినే జరిపేవాడు. కానీ నేను మేధావిని కదా. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పే కమాండ్ ఒకటుంది. నొక్కాను. మరుగుదొడ్డి ఎడమకు వచ్చింది. దాంతోపాటు మగ్గం గది కుడికి పోయింది, జాగా హద్దు కూడా ఇటుది అటైంది. అక్షరాలు తిరగబడి ఉంటే నాలాంటివాడికి కూడా తెలిసేది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ మహా మర్యాద గలది. అక్షరాలను మాత్రం నిటారుగా నిలబెట్టింది. నేను ప్రింటు తీసుకొని ఈల వేసుకుంటూ బయటికొచ్చాను.

మర్నాడు పెనుకొండలో రైలెక్కాను. కంప్యూటర్‌లో గీసిన ప్లానుకు టీ-స్క్వేరు, అంటే గీతలు గీసే టీ ఆకారపు చెక్కబద్ద, అక్కర్లేదు. అయినా భుజాన వేసుకున్నాను, చూసేవాళ్లకు తెలియాలి కదా.

"ఏమప్పా, దాంతో కల్లు గీస్తావా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ఇళ్లు గీస్తాను" అన్నాను, గడ్డం పైకెత్తి.

ధర్మవరంలో కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రి షీటు చూసి, దారం లాగి, సున్నం పోస్తూ పోయాడు. గీత మా జాగా దాటింది. ఓబులమ్మత్త వాకిట్లోకి నడిచింది. అప్పుడే వేసిన పెద్ద ముగ్గును అడ్డంగా కోసింది. నేతగాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతకు మేస్త్రి గుర్తు పెట్టింది సరిగ్గా ఆ ముగ్గు నడిబొడ్డున.

నేను మేస్త్రి భుజం మీంచి షీటులోకి తొంగి చూశాను. మేస్త్రి మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. "కంప్యూటర్ చెప్పినాక మనదేముండాది" అన్నాడు.

మామ ముఖం వెలిగిపోయింది. "నేను చెప్తానే ఉండా, ఆ వాకిలి మా తాత జాగా అని. చూసినారా, కంప్యూటర్ కనిపెట్టింది."

ఓబులమ్మత్త చీపురుతో బయటికొచ్చింది. "ఏం నాగరాజూ, నా వాకిట్లో చీర నేస్తావా?"

"కొలత ప్రకారం ఈ జాగా మాది వదినా. కావల్సింటే మా అల్లున్ని అడుగు, చదువుకున్నోడు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అప్పటికే నాకు అర్థమైంది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఇరుగుపొరుగు ఇద్దరూ పోలీస్‌స్టేషన్‌కు పోతారు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"భూమి కొంచెం జరిగింటుంది మామా."

"ఎప్పుడు జరిగిందిరా? నేను నిద్ర పోతాంటేనా?" అంది ఓబులమ్మత్త.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు సారు బండి దిగాడు. మామ ఆయన ముందుకు ఉరికి, "సార్, మీరే సాక్షి" అంటూ నా షీటును కోర్టు కాగితంలా చాచాడు. షీటు మూలన ఉన్న నా పేరు మీద వేలు పెట్టి చూపించాడు. నా మీద అంత నమ్మకంతో ఎవరూ అప్పటిదాకా నిలబడలేదు. ఆ వేలు చూశాక ఇక నోరు మూసుకోలేకపోయాను.

"జాగా అత్తదే సార్. మరుగుదొడ్డి ఒక్కటీ జరపమంటే నేను మొత్తం తిప్పేసినా."

సారు షీటు అందుకున్నాడు. దాన్ని వెనక్కి తిప్పి, ఎండకేసి పట్టుకున్నాడు. కాగితం వెనక నుంచి చూస్తే ప్లాను జాగాలో అచ్చంగా కూర్చుంది.

"ఇట్ల చూస్తే సరిగ్గానే ఉండాది. అయితే నాగరాజూ, నువ్వు షెడ్డును నేల కింద నుంచి కట్టల్ల."

వీధంతా నవ్వింది. మామ నవ్వలేదు. ఓబులమ్మత్త దగ్గరికి పోయి, "తప్పైంది వదినా" అన్నాడు. నా తప్పుకు ఆయన తల వంచాడు. చీపురు దెబ్బలు తిన్నా అంత నొప్పి పుట్టేది కాదు.

అత్త ఆ చీపురును నా చేతిలో పెట్టింది. "చిమ్ము. చిమ్మి నా ముగ్గు నాకు వేసియ్యి."

సున్నమంతా చిమ్మాను. నీళ్లు చల్లాను. టీ-స్క్వేరు నేల మీద పెట్టి చుక్కలు పెట్టాను. ఎండలో, వీధి వీధంతా చూస్తుండగా, సగం ముగ్గు వేసి ఆగిపోయాను. మిగతా సగం ఎట్లా పోవాలో తోచలేదు.

వెనక నుంచి సారు గొంతు వినిపించింది. "ఏమబ్బా, ఇప్పుడు తిప్పు. ఈడ అది కావల్ల."

తిప్పాను. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. ముగ్గు కుదిరింది. ఓబులమ్మత్త చుట్టూ తిరిగి చూసి, "మొగోడు వేసిన ముగ్గుకు ఇంతే ఎక్కువ" అంది. అది నా పనికి దొరికిన మొదటి మెచ్చుకోలు.

తర్వాత నేనూ మేస్త్రీ టేపు పట్టుకొని ప్రతి గీతనూ నేల మీద నడిచి, సున్నం మళ్లీ పోయించాం. మరుగుదొడ్డి ఒక్కటే జరిగింది. సారు బండెక్కుతూ, "సోమవారం ఆఫీసుకు రా. ఆర్నెల్లు పెన్సిలే. మౌస్ ముట్టుకుంటే ముగ్గులకు పంపిస్తా" అన్నాడు.

సాయంత్రం పెనుకొండకు వచ్చి, గోడ మీది షీటు ముందు నిలబడ్డాను. అవ్వ చూస్తుండగా పెన్సిల్‌తో కింది అంతస్తు ముందు ఒకే ఒక్క మెట్టు గీశాను. రెండోది ఇంకా నాది కాదు.

అప్పుడే ఉత్తర దిక్కు గుర్తు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇక జన్మలో నేలను అడగకుండా కాగితాన్ని తిప్పను. ఇప్పటికీ పాటిస్తున్నాను. మా ఆవిడ మంచం అటు జరపమంటే, మంచం ఒక్కటే జరుపుతాను.