ముందు తేలిన లారీ

గాలి సంగతి ఎత్తితే చాలు, సూర్యాపేట బజారులో అందరూ బక్కయ్య వైపు చూసి నవ్వేవాళ్లు. నవ్వరా మరి! లారీ ఎక్కే ముందు గుప్పెడు దుమ్ము తీసి పైకి చల్లడం, అది ఏ పక్కకు పోతుందో చూడడం, చూసి ముఖం చిట్లించుకోవడం ఆయనకు రోజూ ఉండేదే. "బక్కయ్య గాలికి మొక్కుతుండు, జర ఆగుర్రి" అని హమాలీలు ఎకసెక్కాలాడేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన నాలుగేళ్లు మిలిటరీ లారీలు తోలాడు. గాలికి లారీ ఒరిగి లోయలో పడడం అక్కడ కళ్లారా చూశాడు. కలిసి ఒకే కంచంలో తిన్న దోస్తు అట్లాగే పోయాడు. ఊరికొచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిందే గాని ఒక్కడూ చెవిన పెట్టలేదు. అంత ఇనుమును గాలేం చేస్తుందని వాళ్ల ధీమా. చెప్పేవాడికి లోకువ, వినేవాడికి చెవుడు, ఏం చేస్తాం!

నలభై తొమ్మిదో సంవత్సరం, ఎండాకాలం. మిలిటరీ వాళ్ల వేలంలో లారీ కొన్న వ్యాపారి వెంకటనర్సయ్య దగ్గర బక్కయ్య డ్రైవరు. ఆ రోజు మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆముదాల బస్తాలూ, తిరుమలగిరి నుంచి వచ్చిన పత్తి బోరేలూ కోదాడకు చేరాలి. ఆముదాలు బరువు, పత్తి తేలిక. హమాలీల పెద్ద సత్తయ్య ముప్పై ఏళ్లు ఎడ్లబండ్లకు బరువు కట్టినవాడు. ఆముదాల బస్తాలన్నీ లారీ తోకలో వేయించి, ముందంతా పత్తి నింపి, దాని మీద ఇంకో నిలువు ఎత్తు పత్తి పేర్పించి మోకులు బిగించాడు.

అది చూసి బక్కయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"సత్తన్నా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు? వెనక చక్రాలు దాటినంక బరువెయ్యొద్దన్ననా లేదా? ఆముదాలు ముందలెయ్యి. పైన పత్తి సగం దించు, రేపు ఇంకో ట్రిప్పు కొడదాం."

"ముందల ఇంజనుంది గదనయ్యా. అదే ఎంత బరువు! వెనక గింత వేస్తెనే తూకం కుదురుతది. నా ఎంట్రుకలు నెరిసినయి బరువులు కట్టుకుంట. నువ్వు నాకు నేర్పుతవా?"

"గాలొస్తే గీ పత్తి గోడ లెక్క అడ్డం నిలబడ్తది. ముందల బరువు లేకుంటే స్టీరింగు నా మాట వినదు!"

"గాలి, గాలి! పొద్దు లేస్తే గదే పాట" అని వెంకటనర్సయ్య విసుక్కున్నాడు. "రెండో ట్రిప్పుకు పెట్రోలు నీ అయ్య పోస్తడా? పొద్దుగూకక ముందే కోదాడల ఉండాలె. నడువు."

బక్కయ్య పళ్లు కొరుక్కున్నాడు. అంతలో ఇంకో తద్దినం. సత్తయ్య బిడ్డ సాలి, మూట చంకన పెట్టుకొని, లోడు మీదికి ఎక్కుతోంది. కోదాడలో అత్తగారింటికి పోతోందట. తండ్రి కూడా సరుకు దించడానికి వస్తున్నాడు, ఆయనా పైనే.

"బిడ్డా, పైన వద్దు. దిగి నా పక్కన కూసో" అన్నాడు బక్కయ్య.

వెంకటనర్సయ్య కళ్లెర్రజేశాడు. "హమాలి బిడ్డను నా సరసన కూసోబెడ్తవా? అక్కల్, బుద్ధి ఉండే మాట్లాడుతున్నవా?"

"ఏం కాదు చిన్నాయినా" అని పైనుంచి సాలి నవ్వింది. "మా నాయిన కట్టిన లోడు. ఎప్పుడన్న ఒక్క బస్తా జారిందా?"

బస్తా జారడం గురించి కాదు తల్లీ, అని గొణుక్కుంటూ బక్కయ్య స్టీరింగు పట్టుకున్నాడు. నిండు లోడుతో ఉన్న బండి స్టీరింగు తిప్పాలంటే రెండు రెక్కలూ నొప్పి పుట్టాలి. అది కాస్తా రెండు వేళ్లతో తిరిగింది. అంటే ముందు చక్రాల మీద బరువే లేదన్నమాట. ఈ పిల్లను ప్రాణాలతో అత్తగారింటికి చేరిస్తే అంతే చాలు, ఈ సేటుకో దండం, ఈ కొలువుకో దండం అనుకున్నాడు.

సగం దారి దాటాక ఆకాశం మసకేసింది. ఎదురుగా చెరువు కట్ట. రోడ్డు దాని మీదుగానే పోవాలి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క మూడు నిలువుల లోతున పొలాలు. బక్కయ్య బండి ఆపాడు. దుమ్ము చల్లే పనే లేదు, పొలాల్లో దుమ్ము దానంతటదే లేచి సుడి తిరుగుతోంది.

"గాలి తగ్గినంక పోదాం సేటూ."

"తోల్తవా, ఇంకొకణ్ని పెట్టుకోనా?"

ఇగ ఆయన ఏం చేయగలడు? లారీని నడక కన్నా నెమ్మదిగా కట్ట మీదికి ఎక్కించాడు. నడిమిదాకా వచ్చాడో లేదో, ఈదురుగాలి చెరువు మీదుగా వచ్చి పత్తికి తగిలింది. లారీ మూలిగింది. బక్కయ్య స్టీరింగు చెరువు వైపు తిప్పాడు. చక్రాలు తిరిగాయి గాని నేలను పట్టుకోలేదు, ముందు భాగం పొలాల వైపే జరిగింది. పైనుంచి సాలి కేక వినిపించింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు బక్కయ్య. ఎడమ చక్రం కట్ట అంచున ఉన్న రాళ్ల మీదికెక్కి, అక్కడ ఆగింది.

వెంకటనర్సయ్య కుడి పక్క నుంచి, బక్కయ్య మీదుగా పాకి దిగాడు. సత్తయ్య బిడ్డను మోకు పట్టించి దింపాడు. ఆ పిల్ల తండ్రి భుజం వదలలేదు.

"ఏమైంది బక్కయ్యా? గట్లెట్ల జరిగింది?" అన్నాడు సత్తయ్య.

మూడేళ్లుగా మిలిటరీ వాళ్ల మాటలతో చెప్పబోయి నవ్వులపాలైన బక్కయ్యకు, అప్పుడు కోపంలో అసలు మాట నోటికొచ్చింది.

"ఎడ్లబండికి వెనక బరువైతే ఏమైతది సత్తన్నా? నువ్వే చెప్పు!"

"కాడి పైకి లేస్తది. పలుపు బిగుసుకొని ఎడ్లకు ఉరి పడ్తది."

"మరి గీ బండికి కాడి గీ ముందర చక్రాలే! కాడి లేసినంక ఎడ్లు ఏడికి లాగుతయి?"

గాలి కాస్త నెమ్మదించగానే సత్తయ్య తనే ఎక్కి పైన పేర్చిన పత్తిని కట్ట కింది పొలాల్లోకి తోసేశాడు, ముందున్న పత్తిని వెనక్కి జరిపి ఆముదాల బస్తాలు ఒక్కొక్కటీ వీపున మోసి ముందుకు చేర్చాడు. లారీ ఎక్కమన్నా సాలి ఎక్కలేదు, కట్టంతా నడిచే దాటింది. ఆమె వెనకాలే సేటు కూడా నడిచాడు. ఖాళీ సీటు పక్కన పెట్టుకొని బక్కయ్య ఒక్కడే లారీని దాటించాడు.

పదిహేను రోజులు గడిచాయి. కొలువు మానలేక మళ్లీ పని మీదికొస్తున్న బక్కయ్యకు బజారులో సత్తయ్య గొంతు వినిపించింది. కొత్త హమాలీ నర్సింహను తిడుతున్నాడు.

"తోకకు బరువెయ్యొద్దురా! కాడి లేసి ఎడ్లకు ఉరి పడ్డట్టు ముందర చక్రాలు తేల్తయి. మా తాత చెప్పిన ముచ్చటిది, మర్వకు!"

తాతనట, తాత! ఆయన తాత లారీ మొహం చూశాడా? బక్కయ్యకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లు గొంతు చించుకున్నది తను, దాదాపు చచ్చిబతికింది తను.

అక్కడే నిలబడ్డ వెంకటనర్సయ్య తల పంకించాడు. "అనుభవమంటె గట్లుండాలె. సూసి నేర్సుకో బక్కయ్యా."

బక్కయ్య నోటిదాకా వచ్చిన తిట్టును మింగేశాడు. లోడు మీద ఎవరూ లేరు. ఎక్కబోయిన ఇద్దరిని సత్తయ్యే కసిరి దింపేశాడు. గుప్పెడు దుమ్ము తీసి చల్లితే హమాలీలు మళ్లీ నవ్వారు. నవ్వండ్రా నవ్వండి అనుకుంటూ లారీ ఎక్కాడు. స్టీరింగు ఎంత బరువుగా ఉందంటే, రెండు చేతులూ బిగపట్టి తిప్పాల్సి వచ్చింది. ఆ కోపంతోనే తిప్పి, కోదాడ దారి పట్టాడు.