స్లాబు కింద నిలబడిన మనిషి

మా పెద్దనాయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను వరండా స్లాబు మీద నీళ్లు కడుతున్నాను. ఆయన పోసిన ఆఖరి స్లాబు అది. పోసి పదో రోజు. వేలూరు ఆసుపత్రిలో ఆయన దగ్గరున్న మా తమ్ముడు, "అక్కా, పెద్దనాయన పోయినాడు. కాఫీ తాగి పండుకున్నాడు, మళ్లా లెయ్యలా" అన్నాడు. మళ్లీ తనే, "పొద్దున కూడా అడిగినాడు, నీళ్లు కట్టినారా అని" అన్నాడు.

బిందె పక్కన పెట్టి అక్కడే కూలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం, దాచడమెందుకు, ఒక పెద్ద నిట్టూర్పు. అమ్మయ్య, మచ్చ పోగొట్టుకునే పోయాడు అనుకున్నాను. ఈ మాట మీకు అర్థం కావాలంటే మా ఊరు గుడియాత్తంలో ఆయన్ని ఇరవై ఏళ్లు ఏమని పిలిచారో చెప్పాలి. సిమెంటు మిలిటరీ.

మాది తాతల నాటి నుంచీ ఇళ్లు కట్టే కుటుంబం. పెద్దనాయన మిలిటరీలో చేరినా అక్కడా మేస్త్రి పనే, కొండల మీద జవాన్లకు గదులు కట్టడం. ఒక ఏడాది, రిటైరు కాకముందే, ఇనప పెట్టె పట్టుకుని అరక్కోణంలో రైలు మారి ఇంటికి వచ్చేశాడు. సిమెంటు అమ్ముకున్నాడని తీసేశారట. ఊరికి ఆ ఒక్క ముక్క చాలదూ?

నేనేమైనా తక్కువ తిన్నానా? పోయిన ఏడాది ఇల్లు మొదలుపెట్టినప్పుడు, ఆయన్ని మించిన మేస్త్రి దొరకడని పని ఆయనకే ఇచ్చాను. ఇచ్చి, సిమెంటు షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాను. పొద్దున్నే వచ్చి "తాళం తియ్యమ్మా" అనేవాడు. ముఖంలో కోపం లేదు, మాటలో ఎత్తిపొడుపు లేదు. సాయంత్రం "తాళం మర్చిపోతావమ్మా" అని తానే గుర్తు చేసేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గోడ కనబడితే చాలు, వేళ్ల కణుపులతో కొట్టి చెవి ఆనించడం ఆయన అలవాటు. మా చెల్లెలికి సంబంధం చూడటానికి జోలార్పేట వెళితే, పెళ్లికొడుకును వదిలేసి గోడలు కొట్టుకుంటూ తిరిగాడు. "పిల్లోడు ఎట్లుండాడు?" అని మా అమ్మ అడిగితే, "గోడ తేమ పట్టుండాది" అన్నాడు. ఆ సంబంధం మేం చేసుకోలేదు లెండి, కారణం గోడ కాదు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. స్లాబు కింద నిలిపిన కర్రలు తీసే రోజు, చివరి కర్ర కొట్టేటప్పుడు మేస్త్రి దాని కిందే నిలబడాలి. మా ఇంటి స్లాబుకు పెద్దనాయన అలాగే నిలబడి, బయటికి వచ్చి తువ్వాలుతో తల దులుపుకుంటున్నాడు. అప్పుడు వచ్చాడు నాట్రంపల్లి నుంచి ఒక మనిషి. చేతిలో పళ్లెం, పళ్లెంలో తాంబూలం, పెళ్లి పత్రిక. "మేస్త్రన్నా!" అంటూ పెద్దనాయన కాళ్ల మీద పడ్డాడు.

"ఎవురప్పా నువ్వు?"

"నా బిడ్డ పెండ్లన్నా. మొదటి పత్రిక నీకే. యాడ యాడ ఎతికినానో నిన్ను! ఆ కొండ మీద, ఆ గదిలో పండుకోవాల్సిన పదమూడు మందిలో ఒకణ్ణి."

ఆ మనిషి చెప్పిందంతా మేం నిలుచునే విన్నాం. ఆ గదికి వచ్చిన మంచి సిమెంటును అక్కడి అధికారి, కాంట్రాక్టరు కలిసి బయట అమ్మేశారు. తడిసి గడ్డకట్టినదాన్ని పొడి చేసి తెచ్చారు. దానితో స్లాబు పోయనన్నాడు పెద్దనాయన. ఆయన సెలవులో ఉండగా వేరేవాళ్లతో పోయించి, వచ్చాక గది బాగుందని సంతకం పెట్టమన్నారు.

"అన్న ఏమన్నాడో తెలుసునామ్మా? 'మా పక్క కర్ర తీసేటప్పుడు మేస్త్రి కింద నిలబడతాడు సార్. నేను నిలబడతా. మీరూ నా పక్కన నిలబడండి. స్లాబు నిలిస్తే సంతకం పెడతా' అన్నాడు. ఆయప్ప, ఆ ఆఫీసరు, రాలా. తిట్టినాడు. మమ్మల్ని లోపల సామాను పెట్టుకోమన్నాడు. అన్న మమ్మల్నందుర్నీ బయటికి తోలేసి, కర్రలకు తాడు కట్టి దూరం నుంచి లాగినాడు. మొత్తం కూలిపాయ."

విచారణలో సిమెంటు అమ్మింది పెద్దనాయనే అని ఆ అధికారి రాశాడు. పైవాళ్లు నమ్మారు. నమ్మడమే వాళ్లకు సుఖం. ఆ అధికారికి ప్రమోషను కూడా వచ్చింది. "మేము పదమూడు మందిమీ నోరు తెరవలేదమ్మా. బయపడినాము" అని ఆ మనిషి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

పెద్దనాయన అతన్ని లేపి, "అందురూ బతికుండారు గదప్పా? సరి, ఇంకేం కావాల" అన్నాడు.

నేను కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టాను. "ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదు పెద్దనాయనా?"

"చెప్పినా. నా గురించి నేను చెప్పుకుంటే సాకు అన్నారు. ఇంకొకరు చెప్పాల."

తాళంచెవి మాత్రం తీసుకోలేదు. "నీ దగ్గర్నే ఉండనీమ్మా. కట్టించుకొనేవోళ్ల చేతిలోనే తాళం ఉండాల. ఆడ కొండ మీద తాళమూ ఆయప్ప దగ్గర్నే, లెక్క చూసేదీ ఆయప్పే. అందుకే అంత జరిగె." నా తప్పును కూడా అలా పద్ధతిగా మార్చి నాకే ఇచ్చేశాడు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

నాట్రంపల్లి పెళ్లిలో ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆ పదమూడు మందిలో నలుగురు వచ్చి, పెళ్లిపందిట్లో అందరి ముందూ జరిగింది చెప్పారు. ఆ మాట గుడియాత్తం చేరడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. చెడ్డ మాటే కాదు, మా ఊళ్లో మంచి మాట కూడా నడుస్తుందని అప్పుడే తెలిసింది. టీకొట్టులో ఆయన్ని మేస్త్రన్నా అని పిలవడం మొదలైంది. చివరికి, వరండా స్లాబు పోశాక జబ్బు చేసి చేరిన ఆసుపత్రిలో మంచం పక్క గోడను కూడా కొట్టి చూసి, "ఇది బాగుండాది, బయం లేదు" అని మా తమ్ముడికి ధైర్యం చెప్పాడట.

పదహారో రోజు కర్మ అయింది. మర్నాడు పొద్దున వరండా స్లాబు కర్రలు తీయాలి. కింద ఎవరు నిలబడాలని కూలీలు అడిగారు. నేను వెళ్లి నిలబడ్డాను. కర్మకు వచ్చి ఉండిపోయిన నాట్రంపల్లి ఆయన చెప్పులు విడిచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చివరి కర్ర కొట్టారు. ఆయన నెరిసిన తల మీద కాస్త సిమెంటు దుమ్ము రాలింది, అంతే.

"అయిపాయ, బయటికి రాండమ్మా" అని కూలీలు పిలుస్తున్నారు. మేమిద్దరం పైకి చూస్తూ ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాం.