రాగిచెంబు తీర్థం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, కెమిస్ట్రీ మీద అంత భయం. రెండూ ఒకే సీసాలో పోస్తే ఏమవుతుందో నిజామాబాద్‌లో డిగ్రీ చివరి ఏడాది ప్రాక్టికల్స్ నాడు తెలిసింది. "ఫెయిలైతే సదువు బంద్, మల్ల అడగద్దు" అని బాపు ముందే తేల్చేశాడు. (మా ఊరు ఎడపల్లిలో అది చెరుకు కొట్టే కాలం, ఆయన కోపానికీ అదే సీజను.) నాకేమో ఎమ్మెస్సీ చదవాలని ప్రాణం కొట్టుకునేది. నా అవస్థ చూడలేక మా అవ్వ, కందకుర్తి గోదావరి సంగమం నుంచి తెచ్చి రాగిచెంబులో దాచుకున్న తీర్థం కొంచెం సీసాలో పోసిచ్చింది. "నువ్వు కలిపే నీళ్లల్ల రెండు సుక్కలెయ్యి బిడ్డా, అన్ని మంచిగయితయ్."

నాకు పడ్డ ప్రయోగం కంటికి కనబడనంత రాగిని గడియారంతో పట్టుకోవడం. ద్రావణాలు కలపగానే ఊదారంగు వస్తుంది, మెల్లగా పోతుంది. రాగి ఎక్కువుంటే రంగు త్వరగా పోతుంది. ఆ సమయాన్ని బట్టి రాగి ఎంతుందో చెప్పాలి. నా భయానికి రెండు చుక్కలేం సరిపోతాయి? డిస్టిల్డ్ వాటర్ సీసాలో తీర్థమంతా వంపేసి, దండం పెట్టుకుని మొదలుపెట్టాను. స్టాప్‌వాచ్ నొక్కేలోపే రంగు మాయం! అసలు రాగే కలపని ఫ్లాస్కులోనూ అదే తంతు. ఇంకేముంది, నా చదువు గంగలో కలిసిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

పట్నం నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు కళ్లద్దాలు పైకి నెట్టి, "ఏం కలిపినవమ్మా ఇందుల?" అన్నారు.

"తీర్థం సార్."

"ఏందీ?"

"మా అవ్వ ఇచ్చింది సార్. రాగిచెంబుల ఎన్నొద్దుల సంది ఉన్నదో... మస్తు పవరుంటదని..."

ఆయన కుర్చీలో కూలబడి నవ్వారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. "ఏడువకు. వేరే నీళ్లు తీస్కొని మల్ల మొదలువెట్టు. ఈ సీసల రాగెంతున్నదో తేల్చు, గదే నీ పరీక్ష" అన్నారు. తేల్చాను. పాసయ్యాను. బాపు నా పెట్టె ఎమ్మెస్సీ హాస్టలు దాకా తానే మోసుకొచ్చాడు. అవ్వ మాత్రం "సూసినవా, మన తీర్థం మహిమ కాలేజోళ్లు సుత ఒప్పుకున్నరు!" అని వాడకట్టంతా చాటింది.

ఇప్పుడు ఆ ప్రయోగం పిల్లలకు నేనే చెబుతున్నాను. "నీళ్లల్ల ఏమీ కలపకండి" అని ముందే హెచ్చరిస్తాను కూడా. అవ్వ లేదు, చెంబు నా దగ్గరుంది. ప్రాక్టికల్స్ ఉన్న రోజు పొద్దున మాత్రం దాంట్లోంచి రెండు గుటకలు తాగి గానీ ల్యాబులో అడుగుపెట్టను. ఆ సీసాకు దండం పెట్టిన పిచ్చిపిల్లంటే నాకింకా ముద్దే.