భార్యాభర్తలు విడివిడిగా కొన్న ఆయింట్‌మెంట్

2023 మొదట్లో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. నరసరావుపేట బస్టాండుకి దగ్గర్లో నాకు మందుల షాపు ఉంది. బి.ఫార్మసీ చదివి, అప్పటికి పదిహేనేళ్ళుగా ఆ కౌంటర్ వెనకే నిలబడుతున్నాను. పల్లెల నుంచి బస్సు దిగి నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళ ఊళ్ళో మందులు దొరకక కాదు. కొన్ని మందులు తెలిసినవాళ్ళని అడగలేరు. మొలల ఆయింట్‌మెంట్ అలాంటిదే.

దాని కోసం వచ్చినవాళ్ళని ఇట్టే పోల్చుకోగలను. ముందు తలనొప్పి మాత్ర అడుగుతారు. తర్వాత దగ్గు బిళ్ళలు. పక్కవాళ్ళు వెళ్ళేదాకా సబ్బుల వంక చూస్తూ నిలబడతారు. ఆ కోతలకి కొన్ని నెలల ముందు, మొదటిసారి వచ్చినప్పుడు కోటయ్య బాబాయి కూడా అట్లాగే నిలబడ్డాడు. రొంపిచెర్ల వైపు పల్లెలో మిరప పండించే రైతు, అరవై దాటిన మనిషి. చుట్టమేం కాదు, అందరినీ పిలిచినట్టే వరస కలిపి పిలుస్తాను.

"మా బావమరిదికమ్మాయ్. కూకోలేకపోతన్నాడు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ట్యూబు కాగితంలో చుట్టి ఇచ్చాను. ఏ బావమరిది అని నేనెందుకు అడుగుతాను?

ఆ తర్వాత వారానికి అంజమ్మ పిన్ని వచ్చింది. ఆమెదీ రొంపిచెర్ల వైపే. అదే ట్యూబు, వాళ్ళ అక్కకట. ఇద్దరూ వస్తూనే ఉన్నారు, ఎప్పుడూ కలిసి కాదు. ఒకరికొకరు ఏమవుతారో అప్పటికి నాకు తెలియదు. ఒక రోజు ఇద్దరూ ఒక్క బస్సు దిగి, బీపీ మాత్రల కోసం కలిసి వచ్చారు. ఆయన చేతిలో సంచీ ఆమె అందుకున్న తీరు చూడగానే అర్థమైంది, భార్యాభర్తలని. కౌంటర్ ముందు ఇద్దరూ నా మొహంలోకి ఒకే రకంగా చూశారు, చెప్పొద్దమ్మా అన్నట్టు.

"ఏం కావాలి బాబాయ్?" అన్నాను, అదే మొదటిసారి చూస్తున్నట్టు.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రోజుకి నాకది ముచ్చటైన సంగతి మాత్రమే.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. నెలకొక ట్యూబు కొనే కోటయ్య బాబాయి పది రోజులకే రావడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం షాపు మెట్లు రెండెక్కి, కౌంటర్ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. గోళ్ళు రక్తం లేనట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. స్టూలు వేసి కూర్చోబెట్టాను. అప్పుడు షాపులో మేమిద్దరమే ఉన్నాం.

"బాబాయ్, బావమరిది సంగతి పక్కన పెట్టు. నీకు రక్తం పడుతోందా?"

"పడతంది," అన్నాడు. "వేడమ్మా. ఎండలో కళ్ళం కాడ కూకుంటే పడదా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానాకాలం నుంచి. మొలలేగా, చానామందికి ఉంటయ్."

"చిక్కావా?"

"మొలతాడు వదులైంది. రెండుసార్లు ముడేయించా."

విరేచనం తీరు కూడా మారిందన్నాడు. ఒక్కోసారి మూడు రోజులు రాదు, ఒక్కోసారి రోజుకి నాలుగుసార్లు. మొలల వల్ల రక్తం పడొచ్చు, పడినదల్లా మొలల వల్ల కాకపోవచ్చు. పెద్ద పేగులో కంతి ఉన్నా రక్తం విరేచనం దారినే పడుతుంది. ఆ వయసులో, అంత నీరసంతో, బరువు తగ్గుతూ ఉంటే ఏదన్నది డాక్టరు తేల్చాల్సిందే, ట్యూబు తేల్చలేదు.

"ఇంక నేను నీకు ట్యూబు ఇవ్వను. సర్జన్‌కి చూపించుకో, చీటీ తీసుకురా, అప్పుడిస్తాను."

"నీ పని మందులమ్మేది. వైద్యం నేర్పేది కాదు," అని లేచి వెళ్ళిపోయాడు. రోడ్డుకి అవతల ఇంకో షాపులోకి వెళ్ళడం చూస్తూనే ఉన్నాను.

మూడు వారాలు రాలేదు. తొందరపడ్డానా అని రోజూ అనుకునేదాన్ని. ట్యూబు ఇస్తూ మెల్లగా నచ్చజెప్పి ఉంటే, కనీసం నా కంటి ముందైనా ఉండేవాడు.

అప్పుడు అంజమ్మ పిన్ని వచ్చింది, అక్క కోసం. మీ ఆయనకి రక్తం పోతోంది, తీసుకెళ్ళు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన అది నన్ను నమ్మి చెప్పాడు. ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు, వాళ్ళు భార్యాభర్తలైనా సరే. అందుకని ఆమె సంగతే ఎత్తుకున్నాను.

"మీ అక్కని ఒకసారి తీసుకురా పిన్నీ."

పిన్ని చీర చెంగు సర్దుకుంది. "అక్కా లేదు, ఎవురూ లేరు. నాకే. మూడేళ్ళయింది."

మెల్లగా అన్నీ చెప్పింది. చేలో పక్కకి వెళ్ళే చోటుండదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగదట. మలబద్ధకం, మంట. మగ డాక్టరుకి చూపించుకోవాల్సి వస్తుందని ఊరుకుందట. ఇదే ఊళ్ళో ఆడ సర్జన్ ఉందని చెబితే ఆమెకి నమ్మకం కుదరలేదు, బోర్డు మీద పేరు చూపించమంది. షాపు బయటికి తీసుకెళ్ళి దూరం నుంచి చూపించాను.

"సోమవారం రా పిన్నీ. ఒక్కదానివే రాకు, బాబాయిని తీసుకురా. ఎందుకో ఆయనకి ముందే చెప్పు."

"ఆయనకా? ఇన్నేళ్ళ కాపరంలో ఇట్టాంటి మాట ఆయన ముందు ఎత్తలా."

"నా కోసం ఎత్తు."

సోమవారం ఇద్దరూ వచ్చారు. కోటయ్య బాబాయి నా వైపు చూడకుండా, "ఇద్దరికీ చీటీ రాయించాలంటమ్మాయ్, ఆ ఆసుపత్రి ఎక్కడ?" అన్నాడు.

పిన్నివి మొదటి దశ మొలలు. నీళ్ళు, పీచు ఉన్న తిండి, రోజూ గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కాసేపు కూర్చోవడం, ఇంతే. బాబాయికీ మొలలున్నాయి. అయితే డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు ఉంది, ఉండాల్సిన దానిలో సగం. గుంటూరు పంపి కొలనోస్కోపీ చేయించింది. పెద్ద పేగులోకి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష అది. లోపల పాలిప్ దొరికింది, అంటే పేగు గోడకి మొలిచిన కండ. అదే గొట్టంతో కత్తిరించి తీశారు. దాన్ని బయాప్సీకి పంపితే, క్యాన్సర్‌గా మారే దారిలో ఉందిగానీ ఇంకా మారలేదని తేలింది. మళ్ళీ కొన్నేళ్ళకోసారి చూపించుకోమన్నారు, అంతే.

ఆ రిపోర్టు పట్టుకుని వచ్చిన రోజు, బాబాయి కాస్త అవతలకి వెళ్ళినప్పుడు పిన్నిని అడిగాను, ఇంట్లో ఎట్లా చెప్పావని.

"కళ్ళంలో తెల్లబడ్డ తాలుకాయలు ఏరతా చెప్పా. ఆయన తలెత్తలా. ఒక తట్ట నిండిందాకా ఏరి, నాక్కూడా ఉందే అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఇన్ని నెల్లు రక్తం పోతంటే నాతో అనలేదే అని చానా తిట్టా. నువ్వన్నావా అన్నాడు."

ఈ కేసు నాకు నేర్పింది సిగ్గు గురించి కాదు. సిగ్గుపడొద్దని చెప్పినంత మాత్రాన ఎవరి సిగ్గూ పోదు. నేర్పింది నా పని గురించి. అడిగింది కాగితంలో చుట్టి ఇచ్చి, గుట్టు కాపాడితే నా బాధ్యత తీరిందనుకునేదాన్ని. కోటయ్య బాబాయికి నెలల తరబడి నేనే ట్యూబులు అందించాను, ఒక్క ప్రశ్న అడగకుండా. ఆయన ఇన్నాళ్ళు ఆలస్యం చేయడంలో నా వంతూ ఉంది. ఇప్పుడు రెండో ట్యూబు కోసం వచ్చిన ఎవరినైనా స్టూలు మీద కూర్చోబెట్టి, రక్తం పడుతోందా, ఎన్నాళ్ళ నుంచి, చిక్కారా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, కొందరు రోడ్డు దాటి వెళ్ళిపోతారు. వెళ్ళనీ అనుకుంటాను. అడిగిన ప్రశ్న వాళ్ళతో పాటే ఇంటికి వెళుతుంది.