నంబరు నలభై ఒకటి

వాకీటాకీలో గరగరమంటూ గార్డు గొంతు వచ్చినప్పుడల్లా నాకు అగరొత్తుల వాసన గుర్తొస్తుంది. "బండి బయలుదేరుతోంది" అని ఇంజనులోంచి నేనంటాను. "బండి బయలుదేరుతోంది, ఠీక్ హై" అని వెనక పెట్టెలోంచి ఆయన అప్పజెబుతాడు. నా మాట నాకు తిరిగి వినబడ్డాకే చెయ్యి కదులుతుంది. ఇంజను నడిపేవాళ్ళకు ఇది రోజూ ఉండేదే. నాకు మాత్రం ఆ క్షణంలో, బెంగాలీలూ తెలుగువాళ్ళూ కలిసి ఉండే మా రైల్వే పేట ఝపటాపూర్‌లో ఒక వరండా, ఎదురెదురుగా రెండు బెంచీలు, పక్కన మడత కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకున్న సూర్యనారాయణ మాస్టారు కనిపిస్తారు. సాయంత్రం పూజ ముగించి, అగరొత్తు ఆరకముందే ఆయన తగవులు వినడానికి వచ్చి కూర్చునేవారు.

మాస్టారంటే బడిపంతులు అనుకునేరు. చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరై, మా ఇంటికి రెండిళ్ళ అవతల స్థిరపడ్డారు. వాళ్ళ పెద్దలది విజయనగరం వైపు. బక్కపలచటి మనిషి, ముక్కు మీద కోపం, పేకాటలో ముక్కలు దాచేవారు. దేవుడిలాంటి మనిషని రాయాలని నాకూ ఉంది కానీ, ఆయనతో పేకాడినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఆయన పద్ధతి ఉద్యోగంలోంచి వచ్చిందే. పాత స్టేషన్లలో బండిని పంపాలంటే ఈ మాస్టరు పక్క స్టేషనుకు ఫోను చేసి అడగాలి. అవతలాయన విన్నది విన్నట్టు అప్పజెప్పాలి. తేడా లేదని తేలాక తన దగ్గరున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చెబుతాడు. అది పుస్తకంలో రాసుకుంటేనే లైన్ క్లియర్, అప్పుడే బండి కదిలేది. మాస్టారు తగవులకూ ఇదే రూలు పెట్టారు. ఎదుటివాడి మాట ముందు నువ్వు అప్పజెప్పాలి, అతను "అవును, నేనన్నది అదే" అనాలి, ఆ తరువాతే నీ వంతు. ఇద్దరిదీ అయ్యాక ఆయన కళ్ళు మూసుకుని నోటికొచ్చిన నంబరు ఒకటి ఇచ్చేవారు. "అరవై రెండు. రాసుకోండి. రేపు నాను అలాగన్లేదంటే కుదర్దు."

ఆ బెంచీ మీద నేను మొదట కూర్చున్నది పదహారేళ్ళప్పుడు, వినాయక చవితి మైకు గొడవలో. ఇందా అనే పేట నుంచి వచ్చి మా వీధిలో ఇల్లు కట్టుకున్న బెంగాలీ దత్తబాబు మైకు ఆపమన్నాడు. పందిరి తరఫున మాట్లాడ్డానికి నన్ను పంపారు, నోరున్న పిల్లనని. "మన పండగంటే ఈయనకి గిట్టదు. వాళ్ళ దుర్గాపూజకి మైకులుండవా ఏటి?" అన్నాను. దత్తబాబుకు తెలుగు అంతంతమాత్రమే అయినా భావం బాగానే అందింది. తల అడ్డంగా ఊపి "నా, నా, ఓటా నొయ్" అన్నాడు, అది కాదని. మాస్టారు నా వంక చూసి, "లైన్ క్లియర్ నేదు పాపా. ఆయన్ని మళ్ళీ అడుగు" అన్నారు. నాలుగోసారికి తేలింది: దత్తబాబు తల్లి మంచాన ఉంది, మా మైకు మూతి సరిగ్గా ఆమె కిటికీలోకి ఉంది. మూతిని రోడ్డు వైపు తిప్పాం. మర్నాడు ఆయన వచ్చి పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు. మా పాటలు ఆయనకు ఎన్నడూ నచ్చలేదు, నచ్చాలని మాస్టారు అననూ లేదు.

ఈ రూలుకు లొంగని చోటు ఆయన ఇల్లొక్కటే. "ఉప్పు అయిపోనాదని మూడుసార్లు సెప్తే ఒక్కసారి ఇనడు, ఊరోళ్ళకి అప్పజెప్పడం నేర్పుతాడట" అని ఆయన భార్య లోపల్నుంచే అనేది. మాస్టారు అప్పుడు పేపరు తిరగేసేవారు.

నా అసలు తగవు ఆ తరువాత ఆరేళ్ళకు వచ్చింది. డిప్లొమా అయ్యాక పరీక్ష రాసి అసిస్టెంట్ లోకో పైలట్‌గా ఎంపికయ్యాను. చేరాల్సిన రోజు దగ్గర పడింది. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసే మా నాన్న అప్పలరాజు ఆ కాగితం చూసి, "ఈ ఉద్యోగానికి ఎల్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు. నేనూ ఆయన కూతుర్నే, సరేనన్నాను. పది రోజులు ఒకే ఇంట్లో ఉండి ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకు ఉద్యోగం కావాలి, నాన్నా కావాలి. రెండూ కావాలంటే ఏం చేయాలో తెలియక, ఒక సాయంత్రం వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాను. మాస్టారు నాన్నను కేకేసి పిలిచారు.

నాన్న చెప్పింది నేను అప్పజెప్పాలి. "ఆడపిల్లను, చేయలేనంటున్నాడు" అన్నాను.

"నాను అలాగన్లేదు" అన్నాడు నాన్న.

"అయితే నలుగురూ నవ్వుతారంటున్నాడు."

"అదీ కాదు."

"అప్పలరాజూ, ఆ పిల్ల నీ మనసులో దూరి సూడ్లేదు. తిన్నగా సెప్పు" అన్నారు మాస్టారు.

నాన్న తన అరచేతుల వంక చూసుకున్నాడు. "మనిసి మీదకెల్లిన ఇంజిను సెడ్డుకొస్తే ముందర కడిగేది మేము, మాస్టారు బాబూ. ఆ డ్రైవరు వొచ్చి బయట బెంచీ మీద కూకుంటాడు. టీ ఇస్తే తాగడు, పిలిస్తే పలకడు. ఎంతమందిని సూసినానో. ఆ బెంచీ మీద నా కూతురు కూకోడం నాను సూడ్లేను."

ఇన్నేళ్ళుగా ఆ పని చేసి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మాతో కూర్చుని అన్నం తిన్నాడు. ఒక్కనాడూ చెప్పలేదు. "నన్ను ఆ బెంచీ మీద చూడలేనంటున్నావు, నాన్నా" అన్నాను. "అవును. నానన్నది అదే" అన్నాడు.

నా వంతు వచ్చింది. పది రోజులుగా నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. "నువ్వు బాగుచేసిన ఇంజను కూత వేసుకుంటూ పోతుంటే చిన్నప్పుడు గేటు దగ్గర నిలబెట్టి చూపించేవాడివి. అప్పట్నుంచీ దాన్ని నడపాలనే ఉంది. నాకూ భయం ఉంది. అయినా వెళ్తాను."

"దానికి ఇంజను నడపాలని ఉన్నాదట. ఎల్తాదట" అన్నాడు నాన్న.

"ఒక ముక్క వొదిలీసినావు" అన్నారు మాస్టారు.

నాన్న నా వైపు తిరిగాడు. "భయం ఉన్నాదన్నావు. అయినా ఎల్తానన్నావు."

"అవును నాన్నా."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "నలభై ఒకటి. రాసుకోండి. ఇంక గుమ్మం తొక్కొద్దనడాలూ, మాటాడకపోడాలూ లేవు. నన్నడిగితే మాత్రం మీ నాన్నదే రైటు పాపా, ఈ ఉద్యోగం నీకొద్దు." నేను తెల్లబోయాను. అంతసేపూ ఆయన నా పక్షమనే అనుకున్నాను. నా మాటలో ఒక్క ముక్క పోకుండా పట్టుకున్న మనిషి నాకు వ్యతిరేకి! యూనిఫారం వేసుకుని చూపించడానికి వెళ్ళినా అదే పాట: "ఇప్పటికీ మీ నాన్నదే రైటు. కూకో, టీ తాగెళ్ళు." ఎదుటివాడి మాట పూర్తిగా వింటే ఎక్కడ ఒప్పుకోవాల్సి వస్తుందోనని నాకుండే బెదురు ఆ టీతో పోయింది. విన్నంత మాత్రాన మనం ఓడిపోం. ఆ తరువాత రెండేళ్ళకు మాస్టారు పోయారు. ఆయన్ని ఆ ఒక్క విషయంలో ఒప్పించలేకపోయానని ఈరోజుకీ ఉక్రోషంగానే ఉంటుంది.

ఆయన పోయిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం మా గూడ్సు ముందుకు ఒక మనిషి వచ్చాడు. బ్రేకు వేశాం. బండి ఆగడానికి చాలినంత దూరం లేదు. షెడ్డుకు చేరాక నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎవరో టీ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది. కాసేపటికి నూనె మరకల బట్టలతో నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. అనాల్సినంత అనడానికి ఆయనకు హక్కుంది. ముందే చెప్పానుగా అంటాడని తల వంచుకుని ఎదురుచూశాను.

నాన్న ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "భయం ఉన్నాదన్నావు. అయినా ఎల్తానన్నావు. నలభై ఒకటి."

అప్పుడు ఏడుపు వచ్చింది, మాటా వచ్చింది. వారం తరువాత మళ్ళీ ఇంజనెక్కాను.

ఇప్పుడు గూడ్సు నేనే నడుపుతున్నాను. నా డ్యూటీ డైరీ ఏటేటా మారుతుంది. మొదటి పేజీలో మాత్రం ఆ నంబరు రాసుకుంటాను. కొత్తగా వచ్చిన అసిస్టెంటు నాతో వాదానికి దిగితే ముందు అతని మాట అప్పజెబుతాను, ఆ తరువాతే నా నోరు తెరుస్తాను. తెరిచాక తగ్గేది లేదు, అది వేరే సంగతి. నాన్న రిటైరయ్యాడు, నా ఉద్యోగానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. బయలుదేరే ముందు గేటు దాకా వచ్చి, "నానిప్పటికీ వొద్దనే అంతన్నాను" అంటాడు.

"ఇప్పటికీ వద్దనే అంటున్నావు" అని అప్పజెబుతాను.

"అవును" అంటాడు. గేటు తీస్తాడు.