వంగని హ్యాండిల్

మా ముత్తాత రఘునాథపల్లి చుట్టుపక్కల ఏడూళ్ళకు దొర. తాత గుర్రం దిగకుండానే పంచాయితీలు తీర్చేవాడు. కోటలాంటి మా గడి ముందునుంచి ఎవరైనా సైకిల్ మీద వస్తే దిగి, చేత్తో నడిపించుకుని, గోడ దాటాకే మళ్ళీ ఎక్కాలి. నా కాలేజీ రోజుల్లో, అంటే తొలి తెలంగాణ ఉద్యమం నాటికి, గుర్రమూ లేదు, ఊళ్ళూ లేవు. గబ్బిలాలతో గడి, నిటారైన మా వెన్నెముకలు మిగిలాయి. (వాటిని కొనేవాడు దొరకలేదు.)

కాలేజీ మూతపడింది, బస్సులు బంద్. కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున జనగామ, మధ్యాహ్నం నర్మెట్ట, ఏమీ తోచక మళ్ళీ జనగామ. నా సైకిల్ హ్యాండిల్ మరీ కిందికి ఉండి, తొక్కితే నడుము వంగేది. ఎదురైన ప్రతివాడూ "ఏంది దొరా, నాకే దండం పెడుతున్నవా?" అని నవ్వేవాడు. అంతలో మరునాడే జనగామకు సైకిళ్ళ ఊరేగింపు అన్నారు. ముందు నేనే ఉండాలని పట్టుబట్టి ఒప్పించాను. తాత మనవడు వంగి ముందు నడవడమా? పానాతో హ్యాండిల్ నడుమ బోల్టు వదులు చేసి, సుత్తితో ఒక్కటిచ్చి పైకి లాగాను. మనసొప్పక ఇంకా లాగాను. బ్రేకు కడ్డీలు అందకపోతే వాటినీ విప్పేసి, బోల్టు బిగించాను. నా దోస్తు బక్కోడు గొట్టంలోకి తొంగి చూసి, "దొరా, లోపల హ్యాండిల్ కాడ ఇంచు గూడ మిగల్లే. జర దించు" అన్నాడు.

"దించుడా? మా వంశంలనే లేదు."

తెల్లారి అందరికంటే ముందు, గుర్రం మీద ఉన్నట్టే బయలుదేరాను. మా గడి గేటు దగ్గరికి రాగానే ఉత్సాహం ఆగక, హ్యాండిల్ గుంజి "జై తెలంగాణ!" అని అరిచాను. హ్యాండిల్ చేతుల్లోకి వచ్చేసింది. సైకిల్ తన దారిన పోయి గోడకు గుద్దుకుంది, నేను దుమ్ములో పడ్డాను. ఊరేగింపు నన్ను దాటి పోయింది. లేచి, హ్యాండిల్ చంకన పెట్టుకుని, సీటు పట్టి సైకిల్‌ను నెట్టుకుంటూ మా గోడ వెంటే నడిచాను.

ఎదురుగా అరుగు మీద కూర్చున్న కుమ్మరి తాత కంగారుగా లేచాడు. "అయ్యో దొరా, మేమంటే దిగి నడిచినం. మీరెందుకు దిగిండ్రు? ఎక్కుండ్రి, గిప్పుడు ఎవ్వరేమనరు!"

"ఎట్ల ఎక్కుతడు తాతా, హ్యాండిల్ చంకల ఉన్నది!" అన్నాడు నాకోసం ఆగిన బక్కోడు.

వాడి సైకిల్ వెనక సీటు మీద, అందరికంటే చివర, జనగామ చేరాను. (నిటారుగానే.)

ఇప్పుడు దవాఖానలో డాక్టరు "కొంచెం వంగండి" అన్నప్పుడల్లా ఆ కుమ్మరి తాత గుర్తొచ్చి నవ్వొస్తుంది, వంగడమే రాదు. గడిని గోడతో సహా ఆ ఊరేగింపు మరుసటి ఎండాకాలమే అమ్మేశాం.